వేగవీరుడు మాల్కమ్ కాంబెల్

ఎంత బలము గల యెద్దైనను బురదలో గిట్టలు జారుచుండగా బండిని లాగజాలదు. దాని బలమంతయు బురదను చిమ్ముటకే సరిపోవును. అదే యెద్దు గట్టినేలపై అడుగు మోపినంతనే బండి ముందునకు కదలును. కావున బలమొక్కటియే చాలదు; ఆ బలమునకు నేలపై పట్టు చిక్కవలెను. ఈ సత్యమును మన పల్లెలలోని బండివాండ్రందరు నెరుగుదురు. దీనినే గంటకు మూడువందల మైళ్ళ వేగమున, ప్రాణములను పణముగా నొడ్డి తెలిసికొన్న సాహసి మాల్కమ్ కాంబెల్. ఆతని జీవితము ధైర్యమునకే గాక, ఓర్పునకును, ఆలోచనకును గూడ చక్కని ఉదాహరణము.

కాంబెల్ 1885వ సంవత్సరము మార్చి 11వ తేదీన ఇంగ్లండు దేశమున, కెంటు మండలములోని చిజిల్‌హర్స్టు అను ఊరిలో జన్మించెను. ఆతని తండ్రి విలియం కాంబెల్ లండను నగరమున వజ్రముల వర్తకుడు. ఇంట సిరిసంపదలకు కొదువ లేదు. కుమారుడు తనవలెనే వ్యాపారమున పేరు గడింపవలెనని తండ్రి తలచెను. కాంబెల్ అప్పింగ్‌హామ్ పాఠశాలలో చదువు ముగించిన పిదప, వజ్రముల వ్యాపారములోని మెలకువలు నేర్చుకొనుటకై తండ్రి ఆతనిని జర్మనీకి పంపెను. కాని యువకుని మనస్సు వజ్రముల తళుకులపై నిలువలేదు. తిరుగు చక్రములపై నిలిచెను. మోటారుసైకిళ్ళన్న ఆతనికి అమితమైన మక్కువ కలిగెను.

స్వదేశమునకు తిరిగి వచ్చి ఆతడు లాయిడ్స్ అను సుప్రసిద్ధమైన బీమా సంస్థలో కుదిరెను. మొదటి రెండేండ్లు జీతము లేదు. మూడవ యేట వారమునకు ఒక పౌను మాత్రమే లభించెను. క్రమక్రమముగా ఆ వ్యాపారమున ఆతడు మంచి ధనము నార్జించెను. తీరిక దొరికినప్పుడెల్ల పందెములకు పోవుట ఆతని అలవాటు. 1906 మొదలు 1908 వరకు లండను నుండి లాండ్స్ ఎండ్ వరకు జరిగిన మోటారుసైకిలు పందెములలో మూడు మారులును ఆతడే గెలుపొందెను.

ఆ కాలమున ఇంగ్లండులో బ్రూక్లాండ్స్ అనుచోట మోటారు పందెములకై కాంక్రీటుతో ఒక బాటను క్రొత్తగా నిర్మించిరి. అచ్చట కాంబెల్ కారు పందెములలో పాల్గొనసాగెను. ఒకనాటి రాత్రి ఆతడు లండనులో మేటర్లింకు రచించిన నీలవిహంగము అను నాటకమును చూచెను. ఆ నాటకమున నీలిరంగు పక్షి ఆనందమునకు చిహ్నము. నాటకము చూచి వచ్చిన కాంబెల్ తన కారునకు నీలిరంగు వేసి, దానికి బ్లూ బర్డ్ అని పేరు పెట్టెను. మరునాటి పందెమున ఆ కారు గెలిచెను. నాటి నుండి ఆతని కారులన్నియు నీలివర్ణముననే యుండెను. అన్నింటికిని ఆ పేరే నిలిచెను. 1912లో బ్రూక్లాండ్స్ పందెమున ఒకవైపు చక్రములు రెండును చెడి కారు ఒరిగిపోయినను, ఆతడు చెదరక దానిని అదుపులో నుంచుకొని గమ్యమును దాటెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. కాంబెల్ సైన్యమున చేరి మోటారుసైకిలుపై వార్తలు చేరవేయు పనిలో నియుక్తుడయ్యెను. పిదప విమానదళమున చేరెను. కాని శిక్షకులు ఆతనిని యుద్ధవిమానములు నడపుటకు తగినంత నేర్పు లేనివానిగా భావించిరి. అందువలన విమానములను ఒకచోటి నుండి మరియొకచోటికి చేర్చు పని యాతనికి లభించెను. యుద్ధవిమానము నడపజాలడని తలచిన వ్యక్తియే పిమ్మట భూమిపై నెవ్వరును పోలేనంత వేగముగా పోవుట విధివిలాసము.

యుద్ధానంతరము కాంబెల్ దృష్టి భూతలవేగ రికార్డుపై పడెను. ఆ రికార్డు సామాన్యమైన పందెము వంటిది కాదు. అందు ప్రక్కన పరుగెత్తు ప్రత్యర్థి యుండడు. కొలిచి గుర్తుపెట్టిన ఒక మైలు దూరమును కారు ఒకమారు ఒక దిక్కునను, మరల నిర్ణీత కాలములోపల ఎదురు దిక్కునను దాటవలెను. ఆ రెండు పరుగుల సగటు వేగమునే లెక్కింతురు. గాలివాటము వలన కలుగు లాభము ఒక పరుగులో వచ్చిన, మరియొక పరుగులో పోవును గదా!

కాంబెల్ మొదట సన్‌బీమ్ అను 350 అశ్వశక్తి గల కారును కొనెను. అశ్వశక్తి యనగా నేమి? 550 పౌనుల బరువును ఒక సెకనులో ఒక అడుగు ఎత్తునకు లేవనెత్తు శక్తికి ఆ పేరు. ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్సు వాట్ తన యంత్రముల పనిని గుర్రముల పనితో పోల్చి చెప్పుటకు ఈ కొలతను నిర్ణయించెను. 350 గుర్రముల బలమును ఒక్క కారులో ఇమిడ్చిరన్నచో ఆనాటి ప్రజలు ఆశ్చర్యపడిరి.

ఆ కారును తీసికొని కాంబెల్ డెన్మార్కులోని ఫానో ద్వీపపు సముద్రతీరమునకు పోయెను. 1923లో అచ్చట సాధించిన వేగము, కాలము కొలిచిన సాధనములు ఆమోదింపబడినవి కానందున, రికార్డుగా అంగీకరింపబడలేదు. 1924లో మరల పోయెను. ప్రేక్షకులు బాటకు మిక్కిలి దగ్గరగా నుండుట చూచి, వారిని దూరముగా నుంచవలెనని నిర్వాహకులను హెచ్చరించెను. ఆ హెచ్చరిక ఫలింపలేదు. పరుగులో ఒక టైరు ఊడి జనులలో పడెను. ఒక బాలుడు మరణించెను. వేగము ఆటవస్తువు కాదనియు, దానికి తగిన స్థలమును తగిన జాగ్రత్తయు లేనిదే దాని జోలికి పోరాదనియు ఆ దుర్ఘటన చాటిచెప్పెను.

అదే సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన వేల్సు దేశమందలి పెండైన్ ఇసుకతీరమున కాంబెల్ గంటకు 146.16 మైళ్ళ వేగముతో తన మొదటి రికార్డును సాధించెను. మరుసటి యేడు అచ్చటనే 150.76 మైళ్ళ వేగము నందుకొనెను. గంటకు 150 మైళ్ళ వేగమును దాటి రికార్డు స్థాపించిన మొదటివా డాతడే.

అంతట వేగవీరుల మధ్య పోటీ తీవ్రమయ్యెను. 1926లో పారీ థామస్ 171 మైళ్ళ వేగమును సాధించెను. కాంబెల్ విమానములలో వాడు నేపియర్ లయన్ ఇంజనుతో క్రొత్త కారు చేయించి, 1927 ఫిబ్రవరి 4వ తేదీన 174.88 మైళ్ళతో ఆ రికార్డును మించెను. దానిని తిరిగి పొందబూని థామస్ మార్చి 3వ తేదీన పెండైనులోనే కారు బోల్తాపడి మరణించెను. ఆ నెలలోనే హెన్రీ సీగ్రేవ్ అమెరికాలోని డేటోనా తీరమున 203 మైళ్ళను దాటెను. 1928లో కాంబెల్ 206.96 మైళ్ళ వేగమున పోయెను. ఆ యేడే ఫ్రాంక్ లాక్‌హార్ట్, మరుసటి యేడు లీ బైబుల్ డేటోనాలో ఈ ప్రయత్నములందే ప్రాణములు కోల్పోయిరి. 1929లో సీగ్రేవ్ రికార్డును 231 మైళ్ళకు పెంచెను. కాంబెల్ అదే కాలమున దక్షిణాఫ్రికాలోని వెర్నూక్‌పాన్ అను ఎండిన సరస్సులో బాట వేయించి శ్రమించెను గాని, ఆ రికార్డును అందుకొనలేకపోయెను.

ఇన్ని మరణములను చూచియు కాంబెల్ వెనుదీయలేదు. అట్లని గుడ్డిధైర్యముతో ముందునకు దూకనులేదు. ఆతని వెంట లియో విల్లా అను యంత్రనిపుణు డుండెను. కారులోని ప్రతి మరను తన చేతితో పరీక్షించిన గాని విల్లా కారును కదలనిచ్చువాడు కాడు. రీడ్ రెయిల్టన్ అను ఇంజనీరు కారు రూపమును సంస్కరించు భారమును వహించెను. ఆతని చేతిలో బ్లూ బర్డ్ క్రొత్త రూపము దాల్చెను. 1931 ఫిబ్రవరి 5వ తేదీన 1450 అశ్వశక్తి గల ఇంజనుతో కాంబెల్ డేటోనాలో 246.09 మైళ్ళ వేగమును సాధించెను. ఆ నెలలోనే బ్రిటిషు ప్రభుత్వము ఆతనికి సర్ బిరుదము నొసగెను. 1932లో అదే కారుపై 253.97 మైళ్ళకు చేరెను.

ఇక కాంబెల్ హృదయమున ఒకే కోరిక మిగిలెను. గంటకు 300 మైళ్ళ వేగమును అందుకొనవలెను. అందులకు మార్గము సులభముగనే తోచెను. మరింత శక్తి గల ఇంజను నమర్చిన చాలును గదా! ఆ రోజులలో రోల్స్ రాయిస్ సంస్థ వారు విమానముల పందెమునకై ఆర్ అను ఇంజనును నిర్మించియుండిరి. దానిలో పండ్రెండు సిలిండర్లు కలవు. దాని శక్తి సుమారు 2300 అశ్వశక్తి. పాత ఇంజను శక్తికి ఇది ఒకటిన్నర రెట్లను మించినది. ఆ ఇంజనును బ్లూ బర్డ్‌లో అమర్చి, 1933 ఫిబ్రవరి 22వ తేదీన కాంబెల్ డేటోనా ఇసుకపై పరుగు తీసెను. వచ్చిన వేగము 272.46 మైళ్ళు. అది క్రొత్త రికార్డే. లోకము కొనియాడెను. కాని కాంబెల్ మాత్రము తృప్తి చెందలేదు. శక్తి 850 గుర్రములు పెరిగినను, వేగము పందొమ్మిది మైళ్ళయినను పెరుగలేదు. మిగిలిన శక్తి యేమయ్యెను?

ఈ ప్రశ్నకు సమాధానమున ఒక భాగము గాలిలో నున్నది. కారు వేగము రెట్టింపైనచో గాలి యెదిరింపు నాలుగు రెట్లగును. ఆ యెదిరింపును రెట్టింపు వేగముతో జయించుటకు ఎనిమిది రెట్ల శక్తి కావలెను. కావున శక్తి పెరిగినంత వేగము పెరుగదు. అయినను ఈ లెక్క ప్రకారము చూచినను, 1450 నుండి 2300 అశ్వశక్తికి పెరిగినప్పుడు 254 మైళ్ళ వేగము సుమారు 296 మైళ్ళకు పెరుగవలసినది. క్రొత్త ఇంజను పెద్దదగుటచే గాలి యెదిరింపు కొంత హెచ్చిన మాట నిజమే. కాని లోపమంతయు దానివలన వచ్చినది కాదు.

సమాధానమున రెండవ భాగము నేలపై నున్నది. ఇంజను చక్రమును త్రిప్పును. త్రిప్పబడిన చక్రము నేలను వెనుకకు త్రోయును. నేల చక్రమును ముందునకు త్రోయును. ఆ త్రోపుడే కారును నడపును. చక్రమునకును నేలకును మధ్య రాపిడి యున్నంతవరకే ఆ త్రోపుడు సాధ్యము. రాపిడి యెంత యుండుననునది రెండు విషయములపై ఆధారపడును: చక్రముపై పడు బరువు, నేలయొక్క స్వభావము. ఆ హద్దును దాటి ఇంజను ఎంత బలముగా త్రిప్పినను చక్రము జారి ఉన్నచోటనే తిరుగును. టైరు అరిగి, ఇసుక యెగిరి, శక్తి వ్యర్థమగును.

దీనిని ఒక లెక్కతో చూతము. 2300 అశ్వశక్తి యంతయు చక్రములకు చేరినదనుకొందము. కారు గంటకు 100 మైళ్ళ వేగమున పోవుచున్నప్పుడు ఆ శక్తి కలిగింపగల త్రోపుడు సుమారు 3.85 టన్నులు. కాని బ్లూ బర్డ్ బరువు సుమారు 5 టన్నులు. అందు సగము వెనుక చక్రములపై పడుననుకొన్నచో, రెండున్నర టన్నులు మాత్రమే. తడి ఇసుకపై పట్టు ఆ బరువులో కొంత భాగమునకు మించి యుండదు. కావున ఇంజను ఇయ్యగల త్రోపుడులో చాలభాగమును నేల గ్రహింపజాలదు. అట్టి సమయమున మరి వేయి గుర్రములను చేర్చినను కారు త్వరణము పెరుగదు. చక్రములు మరింత జారును. వేగము హెచ్చుకొలది అదే శక్తి వలన కలుగు త్రోపుడు తగ్గుచుండును. 272 మైళ్ళ వేగమున అది సుమారు 1.4 టన్నులే. కావున సామాన్యముగా పరుగు మొదటిభాగమున పట్టు ప్రధానము; చివరిభాగమున శక్తి ప్రధానము.

కాని డేటోనాలో చివరిభాగమున గూడ పట్టు చాలకపోయెను. ఆ తీరపు ఇసుక చూపునకు చదునుగ నున్నను, అలలు దానిపై చిన్న చిన్న గట్లను మిగిల్చి పోవుచుండెను. నిమిషమునకు నాలుగు మైళ్ళకు పైగా పోవు కారు అట్టి గట్టుపై తగిలినప్పుడు చక్రములు నేలను విడిచి పైకి లేచుచుండెను. గాలిలో నున్న చక్రమునకు పట్టు ఎక్కడిది? ఆ క్షణమున అది వెర్రిగా తిరిగి, మరల నేల తాకినప్పుడు జారి, టైరును చీల్చుకొనుచుండెను. కారు పోవు వేగముకంటె చక్రములు తిరుగు వేగమే అధికముగ నుండెను.

కాంబెల్, రెయిల్టన్ ఈ విషయమును గ్రహించిరి. వారు ఇంకను పెద్ద ఇంజను కొరకు వెదుకలేదు. ఉన్న శక్తిని నేలకు చేర్చు మార్గమును వెదకిరి. అదే ఇంజనును ఉంచుకొని కారును మార్చిరి. వెనుక ఒక్కొక్క వైపున ఒక్క టైరునకు మారుగా రెండేసి టైరుల నమర్చిరి. దీనివలన బరువు ఎక్కువ స్థలముపై పరచుకొని, ఇసుకలో కారు పట్టు పెరిగెను. కారు దేహమును వెడల్పు చేసి, చక్రములను కప్పునట్లు నునుపుగా మలచిరి. రేడియేటరునకు గాలి పోవు ముఖద్వారమునకు ఒక మూత నమర్చిరి. కొలత మైలులో ప్రవేశించునప్పుడు సారథి ఆ మూతను మూసి, గాలి యెదిరింపును తగ్గింపవచ్చును. కారును నిలుపుటకు గాలిని అడ్డగించు రెక్కలను గూడ పెట్టిరి.

1935 మార్చి 7వ తేదీన కాంబెల్ ఈ కారును డేటోనాలో పరుగెత్తించెను. వారముల తరబడి మంచి వాతావరణమునకై వేచియుండవలసి వచ్చెను. వేగము 276.82 మైళ్ళు. పెరిగినది నాలుగు మైళ్ళు మాత్రమే. ఇసుక గట్లు మరల చక్రములను ఎగురవేసెను. కారును ఎంత మార్చినను, కారు క్రింది నేల మారలేదు గదా! అప్పుడు కాంబెల్ తనకు కీర్తి తెచ్చిన ఆ సముద్రతీరమునకు వీడ్కోలు చెప్పి, మంచి నేలను వెదుకుటకు నిశ్చయించుకొనెను.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బానవిల్ అను మహా ఉప్పుమైదానము కలదు. పూర్వము అది యొక సరస్సు. నీరు ఇంకిపోగా ఉప్పు పేరుకొని, కనుచూపు మేర తెల్లగా, రాతివలె గట్టిగా, అద్దమువలె చదునుగా పరచుకొనియున్నది. అలలు లేవు, గట్లు లేవు. ఆనాడు పది మైళ్ళకు మించిన తిన్నని బాట వేయుటకు వీలుండెను. అందువలన కారు తొందర లేక క్రమముగా వేగము పెంచుకొనుటకు వీలుండును. చదునైన నేలపై చక్రములు సదా ఆని యుండును.

1935 సెప్టెంబరు 3వ తేదీన యాబదేండ్ల కాంబెల్ ఆ తెల్లని మైదానమున బ్లూ బర్డ్‌లో కూర్చుండెను. మొదటి పరుగు ప్రారంభమయ్యెను. కారు నిరాటంకముగ వేగము పుంజుకొనెను. కొలత మైలు సమీపించగా ఆతడు రేడియేటరు మూతను మూసెను. వెంటనే ఇంజను పొగలు లోనికి వ్యాపించెను. ఎదుటి అద్దముపై నూనె పొర క్రమ్మి చూపు మసకబారెను. అయినను ఆతడు కాలు సడలింపలేదు. మైలు దాటిన పిదప ముందుచక్రపు టైరు పేలి మండసాగెను. కారు ప్రక్కకు లాగుచుండగా ఆతడు శక్తి కొలది దానిని సరిపెట్టి నిలువరించెను. ఆ పరుగు వేగము 304.31 మైళ్ళు.

గంటలోపల మరల ఎదురు దిక్కున పరుగెత్తినగాని ఆ శ్రమ ఫలింపదు. విల్లాయును తోడివారును వేడెక్కిన చక్రములను విప్పి క్రొత్తవి బిగించిరి. కొద్ది నిమిషముల క్రితమే మృత్యువును తప్పించుకొన్న కాంబెల్ మరల అదే కారులో కూర్చుండి బయలుదేరెను. ఈమారు వేగము 298.01 మైళ్ళు.

కాలము కొలుచు అధికారులు సగటును ప్రకటించిరి: 299.875 మైళ్ళు. మూడువందలకు మైలులో ఎనిమిదవ వంతు తక్కువ! ఎన్నో యేండ్ల తపస్సు అంత స్వల్పమైన లోపముతో నిలిచిపోయెను. కాంబెల్ నిరుత్సాహపడినను ఎవరిని నిందింపలేదు. మరునాడు మరల పరుగెత్తెదనని చెప్పెను. కొన్ని గంటల తరువాత అధికారులు లెక్కలో పొరపాటు దొరలినదని గుర్తించి సరిదిద్దిరి. నిజమైన సగటు గంటకు 301.129 మైళ్ళు, అనగా సుమారు 484.6 కిలోమీటర్లు. కారుపై 300 మైళ్ళ వేగమును దాటి రికార్డు స్థాపించిన మొదటి మానవుడు మాల్కమ్ కాంబెల్. 1933లో వలెనే ఇంజను అదే, శక్తి అదే. మారినది కారు రూపము, టైరుల పట్టు, క్రింది నేల.

తన కోరిక నెరవేరినంతనే కాంబెల్ భూతల రికార్డుల నుండి విరమించుకొనెను. పిదప నీటిపై వేగము నభ్యసించి, అక్కడను రికార్డులు సాధించెను. 1939 ఆగస్టులో ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సుపై 141.74 మైళ్ళ వేగమున పడవను నడిపెను. ప్రమాదములతో నిండిన ఆటలో జీవితమంతయు గడపియు, ఆతడు 1948 డిసెంబరు 31వ తేదీన అస్వస్థతచే తన 63వ యేట మరణించెను.

ఆతడు నేర్చిన పాఠము ఆతనితో అంతరింపలేదు. రెయిల్టన్ పిమ్మట జాన్ కాబ్ అను సారథి కొరకు మరియొక కారు నిర్మించెను. అందు రెండు పాత నేపియర్ ఇంజనులు కలవు. రెంటి శక్తియు కలిపి సుమారు 2500 అశ్వశక్తి, అనగా బ్లూ బర్డ్ కంటె కొంచెము మాత్రమే అధికము. కాని ఒక ఇంజను ముందు చక్రములను, ఒకటి వెనుక చక్రములను త్రిప్పునట్లు ఏర్పాటు చేసిరి. కారు బరువంతయు పట్టునకు తోడ్పడెను. అది బ్లూ బర్డ్ కంటె తేలికైనది, గాలిని చీల్చు రూపము గలది. 1939లో కాబ్ దానిపై 369.70 మైళ్ళ వేగమును సాధించెను. కాంబెల్ కుమారుడు డొనాల్డ్ కాంబెల్ 1964లో ఆస్ట్రేలియాలోని ఎయిర్ అను ఎండిన సరస్సుపై 403.10 మైళ్ళ వేగమున పోయిన కారు గూడ నాలుగు చక్రములును శక్తితో తిరుగునదియే.

1960వ దశాబ్దమున అమెరికాలో పెద్ద ఇంజనులు గల వేగపు కారులు బయలువెడలెను. వానికి మజిల్ కారులని పేరు. వానిని ముచ్చటపడి కొన్న యువకులు కూడ ఇంజను శక్తిని పెంచి, పచ్చజెండా ఊపినంతనే కాలు బలముగా నొక్కి, టైరుల నుండి పొగ వెడలుట చూచిరే కాని, కారు ముందునకు దూకుట చూడలేదు. వెడల్పైన మెత్తని టైరుల నమర్చి, కాలిని నిదానముగ నదిమినవారే ముందు పోయిరి. కాంబెల్ ఇసుకతీరమున తెలిసికొన్నదానినే వారును తెలిసికొనిరి.

బాలలారా! వేగము కొరకు వేగమును కోరుట వివేకము కాదు. జనులు తిరుగు బాటలలో అట్టి సాహసము చేయుట పాపము. ఫానో తీరపు బాలుని మరణమే అందులకు సాక్ష్యము. కాంబెల్ జీవితమునుండి మనము గ్రహింపదగినది మరియొకటి కలదు. పని సాగనప్పుడు ఆతడు మరింత బలమును ప్రయోగించుటతో తృప్తిపడలేదు. ఉన్న బలము ఎచ్చట జారిపోవుచున్నదో వెదకెను. తెలివి, ధనము, దేహబలము ఎంత యున్నను, అవి ఆనుటకు గట్టినేల లేనిచో వ్యర్థములే. అట్టి నేలను వెదకి దానిపై నిలువుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పే కాంబెల్‌ను మూడువందల మైళ్ళ గుర్తును దాటించెను.